జేబులో చెయ్యి

సాక్ష్య చట్టం మొదటి క్లాసులో ఏటా ఒక దొంగతనం జరుగుతుంది. ఆ సంగతి మూడో ఏడు వాళ్ళకు తెలుసు. రెండో ఏడు వాళ్ళకు మాత్రం ఎవరూ ముందుగా చెప్పరు. అలా చెప్పకపోవడం ఆ కాలేజీలో ఒక మర్యాదగా సాగిపోతోంది.

ఆ జనవరి సోమవారం బయట మైనస్ ముప్ఫై చలి. పార్కింగులో కార్లు, ఇంజన్లు గడ్డకట్టకుండా వేడి చేసే తీగలు ముక్కుల్లోంచి వేలాడేసుకుని, కరెంటు గుంజలకు కట్టేసిన పశువుల్లా వరసగా నిలబడి ఉన్నాయి. వరసలు మెట్లుగా లేచిన క్లాసు గదిలో వెనక గోడ పొడుగునా కొక్కేలు, వాటికి ఒకదాని మీద ఒకటిగా కోట్లు. చాలామటుకు నల్లవే. విద్యార్థి సంఘం వాళ్ళు కిందటి చలికాలం టోకున కుట్టించి, ఎడమ గుండె మీద కాలేజీ గుర్తు వేయించి అమ్మిన కోట్లు అవి. చవకా, వెచ్చనా కావడంతో కాలేజీలో సగం మంది ఒంటి మీద అవే ఉంటాయి.

హైడీ ఫ్రీసెన్ ఎప్పటిలాగే చివరి వరసలో కూర్చుంది. ఎక్కడ కూర్చుంటే ఎవరూ తనను ప్రశ్న అడగరో ఆమెకు పల్లెటూరి బడిలో చదివిన రోజుల నుంచీ తెలుసు. పక్కన మారిసెల్ ముక్కు చీదుకుంటూ, దగ్గుతూ, బల్ల మీద తల వాల్చి ఉంది.

"ఇంటికి పోరాదూ?" అంది హైడీ మెల్లిగా.

"మొదటి క్లాసే మానేస్తే ప్రొఫెసర్ ఏడాదంతా ప్రతి ప్రశ్నకూ నా పేరే పిలుస్తుందట," అంది మారిసెల్.

ప్రొఫెసర్ డఫీ పొట్టి మనిషి, అరవై దాటినావిడ. కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని హాజరు పిలుస్తోంది. సగంలో ఉండగా తలుపు ధడాలున తెరుచుకుంది. పొడుగాటి కుర్రాడొకడు లోపలికి వచ్చాడు.

"ప్రొఫెసర్! నా పేపరు దిద్దింది మీరేనా, లేక మీ ఇంట్లో పిల్లి దిద్దిందా?"

"క్లాసు జరుగుతోంది. తరవాత రా."

"తరవాత, తరవాత! సెప్టెంబరు నుంచీ ఇదే మాట!"

అతను బల్ల మీదున్న ఆవిడ సంచీని లాక్కున్నాడు. అందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తుండగా మెట్లెక్కి వెనక్కి వచ్చాడు. గోడ దగ్గర ఒక్క క్షణం ఆగి, ఒక కోటు జేబులో చెయ్యి పెట్టి, ఏదో తీసి ప్యాంటు జేబులో వేసుకుని, వెనక తలుపులోంచి వెళ్ళిపోయాడు.

ముందు వరసలో ఒకమ్మాయి లేచి నిలబడింది. "సెక్యూరిటీని పిలవనా ప్రొఫెసర్?"

"పిలుద్దువుగాని. ముందు కాగితం తియ్యి. అందరూ తీయండి. చూసింది రాయండి. అనుకున్నది కాదు, చూసింది."

అప్పుడు అర్థమై గది గదంతా నవ్వింది. రాసినవి చదువుతుంటే ఇంకా నవ్వు. గడ్డం ఉందని కొందరు, లేదని కొందరు. చొక్కా ఎర్రదన్నారు, నీలమన్నారు. అతని చేతిలో కత్తిలాంటిదేదో ఉందని డెరిక్ మెల్నిక్ రాశాడు. అది ప్రొఫెసర్ పెన్ను అని తేలింది. "పెన్ను చూసి ఇంత భయపడేవాడివి లా ఎందుకు చదువుతున్నావోయ్?" అని ఎవరో అన్నారు. డెరిక్ కూడా నవ్వాడు.

ఎందుకో హైడీ చెయ్యెత్తింది. "వెనక గోడ దగ్గర ఆగాడు. కోటు జేబులో చెయ్యి పెట్టి ఏదో తీసుకున్నాడు."

ఆమె గొంతు ఎప్పుడూ వినని వాళ్ళంతా వెనక్కి తిరిగి చూశారు. అంతలోనే ఆ కుర్రాడు సంచీ తిరిగి తెచ్చి, నాటకం వాళ్ళలా వంగి దండం పెట్టాడు. మూడో ఏడు చదువుతున్న రెమీ లావలీ. ఒక పూట భోజనం ఆశ చూపించి ఒప్పించానని ప్రొఫెసర్ చెప్పింది.

"వట్టి భోజనం కాదు, బంగాళదుంప కూరిన పెరోగీలన్నారు. మాట మార్చకండి, డెబ్భై మంది సాక్షులున్నారు," అన్నాడు రెమీ.

క్లాసు అయిపోయింది. మారిసెల్ అందరికంటే ముందు కోటు తగిలించుకుని, తూలుకుంటూ వెళ్ళిపోయింది. కాసేపటికి వెనక గోడ దగ్గర డెరిక్ జేబులు తడుముకోవడం హైడీ చూసింది. కుడి జేబు, ఎడమ జేబు, మళ్ళీ కుడి జేబు.

"నా వాచీ," అన్నాడతను. "మా తాత వాచీ. పట్టీ తెగితే బాగుచేయిద్దామని కోటు జేబులో పెట్టుకున్నా."

చుట్టూ ఉన్నవాళ్ళు నేల మీద వెతికారు. బెంచీల కింద వెతికారు. తరవాత ఒకళ్ళ తరవాత ఒకళ్ళుగా హైడీ వైపు చూశారు.

మంగళవారం మధ్యాహ్నం క్యాంటీన్లో ఆ మాట తప్ప వేరే మాట లేదు.

"కళ్ళారా చూసింది హైడీ," అంది టెస్, ముందు రోజు సెక్యూరిటీని పిలుస్తానన్న అమ్మాయి. "నాకూ అనిపించింది. మెట్లెక్కేటప్పుడు కోట్ల వైపు ఒక చూపు చూశాడు. ఏది తియ్యాలా అని."

నిన్న చదివిన కాగితంలో టెస్ ఆ చూపు గురించి ఒక్క ముక్క రాయలేదు. హైడీకి అది బాగా గుర్తుంది. సూపులో చెంచా తిప్పుతూ కూర్చుంది.

"నాటకంలో నాటకం," అన్నాడు మరొకడు. "దొంగ వేషం వేసినవాణ్ణి ఎవడు అనుమానిస్తాడు? తెలివైన పనే."

డెరిక్ ముందు సెలరీ కాడలు తప్ప ఏమీ లేవు. వాటినే కసిగా కొరుకుతున్నాడు.

"ఏంట్రా ఆ మేత?" అంది టెస్.

"మొన్న మా పాత పంచాంగం క్రిస్మస్‌కి అమ్మ పెట్టిన పెరోగీలన్నీ తిన్నా. ఇప్పుడు కోటు జిప్పు పైకి రావడం లేదు."

"డిసెంబరులో ఒక క్రిస్మస్, జనవరిలో ఇంకొకటి చేసుకుంటే అంతే మరి!"

డెరిక్‌కు నవ్వు రాలేదు. "ఆ వాచీ యుద్ధం నుంచి ప్రాణాలతో తిరిగొచ్చింది. చివరికి మన కాలేజీలో పోయింది. డీన్ ఆఫీసులో రాసిచ్చా." ఆగి, గొంతు తగ్గించాడు. "రెమీది మా సరస్సుకు అవతలి ఒడ్డు. ఆ ఒడ్డు వాళ్ళ సంగతి మా నాన్న చెప్తూనే ఉంటాడు. వల పోయినా, పడవ మోటారు పోయినా ముందు ఎవరి ఇళ్ళకు వెళ్ళాలో అందరికీ తెలుసట."

అందరూ తమ తమ పళ్ళేల్లోకి చూసుకున్నారు. 'నేను చూసింది అది కాదు' అన్న మాట హైడీ నోటి దాకా వచ్చింది. సూపు ఒక చెంచాడు తాగింది. మాట దానితో పాటే లోపలికి దిగిపోయింది.

బుధవారం ఉదయం ఆమెకు డీన్ ఆఫీసు నుంచి కబురొచ్చింది. శుక్రవారం పొద్దున వచ్చి చూసింది చెప్పాలి. సాయంత్రం దాకా ఆ కబురు ఆమె వెంటే తిరిగింది. పార్కింగుకు వచ్చేసరికి చీకటి పడిపోయింది. ఎవరి కాలో తగిలినట్టుంది, ఆమె కారు తీగ గుంజ నుంచి ఊడి మంచులో పడి ఉంది. తాళం తిప్పితే ఇంజను ఒకసారి మూలిగి ఊరుకుంది.

"బ్యాటరీ చచ్చింది," అని వెనక నుంచి ఎవరో అన్నారు. రెమీ. "ఉండు, నా బండి తెస్తా."

పాత పికప్ తెచ్చి, ఆమె కారుకు ముక్కుకు ముక్కు ఎదురుగా నిలిపాడు. తీగలు తీసి, చేతి తొడుగు పళ్ళతో లాగేసి, ఎర్ర పట్టును ముందు ఆమె బ్యాటరీకి, తరవాత తన బ్యాటరీకి తగిలించాడు. నల్లదాని ఒక కొసను తన బ్యాటరీకి, రెండో కొసను ఆమె ఇంజను ఇనుముకు బిగించాడు. ఆ కాసేపట్లోనే అతని వేళ్ళు తెల్లగా పాలిపోయాయి. కనురెప్పల మీద ఊపిరి గడ్డకట్టింది.

"నేనెవరో తెలుసా?" అంది హైడీ.

"తెలుసు. నా మీద సాక్షివి." పట్టు సరిగ్గా బిగిసిందో లేదో ఊపి చూశాడు. "కాసేపు ఛార్జి ఎక్కనియ్యి. తొందరపడితే మళ్ళీ చస్తుంది."

పికప్ పొగలో ఇద్దరూ నిలబడ్డారు.

"జేబులో చెయ్యి పెట్టిన మాట నిజమే," అన్నాడు. "అంతకుముందు ఆ గదిలో మా క్లాసు జరిగింది. కోటు అక్కడే వదిలేసి వేషానికి వెళ్ళా. పోతూ పోతూ ఫోను తీసుకున్నా."

"డీన్ దగ్గర ఇదే చెప్పావా?"

"చెప్పా. అది నీ కోటేనని ఎవరు చూశారన్నాడు. నిజమే కదా, అన్నీ ఒకటే." చేతులు చంకల్లో దాచుకున్నాడు. "మేలో లాయర్ల సంఘానికి దరఖాస్తు పెట్టాలి. కాలేజీలో నీ మీద ఎప్పుడైనా విచారణ జరిగిందా అని ఉంటుంది అందులో. తప్పు లేదని తేలినా సరే, జరిగితే అవుననే రాయాలి. జూన్‌లో మా ఊరి న్యాయ సహాయం ఆఫీసులో చేరమన్నారు. అక్కడికి మా వాళ్ళలోంచి లాయరు అంటూ వెళ్తే నేనే మొదటివాణ్ణి. అవునని రాశాక ఆ కాగితం ఏ బల్ల మీద ఎన్నాళ్ళు పడుంటుందో ఎవరికి తెలుసు?"

"శుక్రవారం నన్నేం చెప్పమంటావు?"

రెమీ ఆమెను తేరిపారా చూశాడు. "చూసింది చెప్పు. నీ చేత ఇంకో మాట చెప్పించానా, అప్పుడు నిజంగానే దొంగనవుతా. ఊఁ, ఇప్పుడు తిప్పు."

ఇంజను పట్టుకుంది. రెమీ తీగలు తగిలించిన వరసకు ఎదురు వరసలో ఒక్కొక్కటీ విప్పి, చుట్ట చుట్టి, బండిలో పడేశాడు. "ఇల్లు చేరేదాకా ఆపకు," అని అరిచి వెళ్ళిపోయాడు.

ఇంటికి పోతూ హైడీ సోమవారాన్ని మళ్ళీ మళ్ళీ కళ్ళ ముందుకు తెచ్చుకుంది. పొడుగాటి వీపు. మోచేతి దగ్గర వంగిన చెయ్యి. నల్ల గుడ్డ. విచిత్రంగా ఈ రెండు రోజుల్లో ఆ నల్ల గుడ్డ డెరిక్ కోటైపోయింది. ఎప్పుడు అయిందో ఆమెకు తెలియదు. తను పడుకున్నప్పుడు ఎవరో వచ్చి మార్చి పోయినట్టుంది. రెమీ వేళ్ళ మధ్య ఏదో మెరిసినట్టు కూడా మంగళవారం నుంచీ గుర్తొస్తోంది. అది వాచీయా? ఫోనూ మెరుస్తుంది. అసలు మెరిసిందా? సోమవారం తను చెప్పిన మాటలో మెరుపు లేదు. తన కళ్ళనే తను నమ్మలేని స్థితి వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

గురువారం ప్రొఫెసర్ డఫీ ఒక కాఫీ కప్పు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఫిర్యాదు సంగతి ఆవిడకు తెలుసని అందరికీ తెలుసు. ఆవిడ మాత్రం ఆ ఊసెత్తలేదు.

"ఇది నా కప్పు. రుజువు చేయండి."

"మీ చేతిలో ఉంది కదా," అన్నాడొకడు.

"నీ చేతిలో లైబ్రరీ పుస్తకం ఉంది. అది నీదా?"

"మీ లిప్‌స్టిక్ మరక ఉంటుంది," అంది టెస్.

"ఆ రంగు ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే పూసుకుంటానా?"

"మీరే చెప్తున్నారు కదా నాదని!"

"నేను పొరబడవచ్చు. స్టాఫ్ రూములో ఇలాంటివి డజనున్నాయి." ఆవిడ కప్పు తిరగేసి, అడుగున విరిగిన చోటు చూపించింది. "మా మనవరాలు సింకులో పడేసింది. పడేసినప్పుడు నేనక్కడే ఉన్నాను. ఆ పెంకు ఊడటం చూశాను. ఇప్పుడు నమ్ముతారా? కోర్టుకు ఏ వస్తువు తెచ్చినా మొదటి పని ఇదే. ఇది ఫలానా వస్తువు అంటున్నావు, సరే, ఎలా తెలుసు? అది తేలాకే మిగతా కథ. అబద్ధం చెప్పేవాళ్ళతో కోర్టుకు పెద్ద చిక్కు లేదు. తనకు తెలుసనుకునేవాడితోనే చిక్కంతా."

క్లాసు వదిలాక వెనక గోడ దగ్గర ఎప్పటిలాగే తోపులాట. డెరిక్ కోటు వేసుకుని, కడుపు లోపలికి లాక్కుని జిప్పుతో కుస్తీ పడుతున్నాడు.

"రేపు పొద్దునే కదా?" అన్నాడు హైడీతో. "ఉన్నది ఉన్నట్టు చెప్పు చాలు. వాడు నా జేబులో చెయ్యి పెట్టి—"

"నేనలా అనలేదు."

హైడీ అంత గట్టిగా అనాలనుకోలేదు. చుట్టూ నలుగురు ఆగిపోయారు.

"జేబులో చెయ్యి చూశా. నల్ల కోటు చూశా. ఎవరిదో చూళ్ళేదు. మొన్న క్యాంటీన్లోనే చెప్పాల్సింది, చెప్పలేదు. రేపు డీన్ దగ్గర కూడా ఇంతే చెప్తా."

"అదేంటి, నువ్వే కదా—" అంది టెస్.

"డెరిక్ కోటు ఏ కొక్కేనికి ఉందో నువ్వు చూశావా టెస్? నేను చూళ్ళేదు."

డెరిక్ మొహం ఎర్రబడింది. "ఏ కొక్కేనికుంటే ఏం? నా కోటు నాకు తెలీదా? ఇదిగో, ఇదే!" అని రొమ్ము మీద కొట్టుకున్నాడు. ఆ ఊపుకు సగం దాకా వచ్చిన జిప్పు కిందికి జారిపోయింది.

హైడీ ఆ జిప్పు వైపు చూసింది. అతని ముంజేతుల వైపు చూసింది. రెండు చేతులూ మణికట్టు పైదాకా బయటికే ఉన్నాయి. ఎన్ని పెరోగీలు తిన్నా పొట్ట పెరుగుతుందేమో గానీ చేతులు పొడుగవవు.

"నీది ఏ సైజు?"

"లార్జ్. ఏం?"

ఆమె అతని వెనక్కి వెళ్ళి, మునివేళ్ళ మీద నిలబడి, మెడ పట్టీ వెనక్కి తిప్పి లోపలి సైజు చీటీ చూసింది. "ఇది మీడియం."

డెరిక్ నోరు తెరిచాడు. గబగబా కోటు విప్పి తనే చూశాడు. లోపలి జేబు ఒకటుందని ఇన్నాళ్ళూ తనకు తెలియనట్టు తడిమి, అందులోంచి ఒక బస్సు పాసు తీశాడు. దాని మీద మారిసెల్ ఫోటో నవ్వుతోంది.

టెస్ పక్కున నవ్వబోయి నోరు మూసుకుంది.

హైడీ ఫోను చేసింది. చాలాసేపటికి మారిసెల్ గొంతు పలికింది, రేకు డబ్బాలోంచి వచ్చినట్టు. "నోట్సు తరవాత పంపు, కళ్ళు తెరవలేకపోతున్నా..."

"నోట్సు కాదు. సోమవారం నువ్వు వేసుకెళ్ళిన కోటు ఏది?"

"తలుపు వెనకుంది. అప్పటి నుంచీ మంచం దిగితేగా! ఎందుకు?"

"ఒక్కసారి దాని జేబులు చూడు."

చెప్పుల చప్పుడు. దగ్గు. జేబు బరబరమన్న శబ్దం. "ఏదో వాచీ ఉందే! పట్టీ తెగింది... అయ్యో దేవుడా, ఇది ఎవరి కోటు? ఆ రోజు పాసు దొరక్క చిల్లర ఇచ్చి బస్సెక్కా. బస్టాపులో చేతులు కనపడక, ఇంత చిక్కిపోయానా అనుకున్నా!"

డెరిక్ వెనక వరస మెట్టు మీద కూలబడ్డాడు. చేతిలో ఉన్న ఆ చిన్న కోటును మడత పెట్టడం మొదలుపెట్టాడు. మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు. "మూడు రోజుల నుంచి సెలరీ తింటున్నా," అన్నాడు చివరికి. ఎవరూ నవ్వకపోయేసరికి తల వంచుకుని, "ఇప్పుడతని మొహం ఎలా చూడను?" అన్నాడు.

"ముందు డీన్ మొహం చూడు. ఆఫీసు మూసేస్తారు," అంది హైడీ.

ఇద్దరూ కలిసే వెళ్ళారు. అసోసియేట్ డీన్ కోటు వేసుకుని, టోపీ చేత పట్టుకుని బయల్దేరబోతున్నాడు. అంతా విన్నాడు. మారిసెల్ పంపిన వాచీ ఫోటో చూశాడు. బల్ల సొరుగు లాగి, డెరిక్ రాసిచ్చిన కాగితం తీశాడు.

"విచారణ మొదలైనట్టేనా?" అని హైడీ అడిగింది. ఆమె గొంతు ఆమెకే వేరుగా వినిపించింది. "అతని పేరు మీద ఏమైనా నమోదైందా?"

"సాక్షి మాట విన్నాకే ఏదైనా మొదలయ్యేది. నువ్వు రావాల్సింది రేపు." ఆయన కాగితాన్ని డెరిక్ చేతికే తిరిగిచ్చాడు. "ఇవాళ్టికి ఇది ఒకతను వాచీ పోగొట్టుకున్నాడన్న కబురు మాత్రమే. దొరికిందిగా. అయిపోయింది."

"ఎవరైనా అడిగితే?"

"తన మీద విచారణ జరగలేదని అతను రాయవచ్చు. నిజమే రాసినట్టు. సరేనా లాయరమ్మా?"

రెమీ లైబ్రరీలో కిటికీ పక్కన ఉన్నాడు. డెరిక్ అతని ముందు నిలబడి, కాలు మార్చి కాలు మీద నిలబడి, మొత్తం చెప్పాడు. అమ్మ పెరోగీలు తిని లావయ్యాననుకున్నా, కోటే మారింది, వాచీ దొరికింది, నాదే తప్పు, నిన్ను అనకూడనివి అన్నా, మీ ఊరిని కూడా అన్నా. చివరి మాట మెల్లిగా వచ్చింది.

రెమీ పుస్తకం మూశాడు.

"మీ ఊళ్ళో ఏమంటారో మా ఊళ్ళో కూడా అందరికీ తెలుసులే," అన్నాడు. "నువ్వు మొహం మీద చెప్పావు. అది తక్కువ మంది చేస్తారు." చెయ్యి చాచలేదు గానీ పక్క కుర్చీని కాలితో వెనక్కి నెట్టాడు. "కూర్చో. మీ అమ్మ పెరోగీలు అంత బావుంటాయా? ప్రొఫెసర్ ఇంకా బాకీ తీర్చలేదు."

"ఆదివారం తెస్తా. గంపెడు తెస్తా," అన్నాడు డెరిక్. కూర్చోలేదు. మారిసెల్‌కు కోటివ్వాలని చెప్పి, ఆ కోటునే చంకలో పెట్టుకుని, ఒంటి మీద వట్టి స్వెటరుతో మంచులోకి పరిగెత్తాడు.

హైడీ ఆ ఖాళీ కుర్చీలో కూర్చుంది. "మంగళవారమే నేను నోరు విప్పాల్సింది. వాళ్ళంతా అంటుంటే ఊరుకున్నా."

"నీకో సంగతి చెప్పనా?" రెమీ కిటికీ వైపు తిరిగాడు. "నిన్న రాత్రంతా అదే ఆలోచన. ఆ జేబులో చెయ్యి పెట్టినప్పుడు కోటు వైపు చూడనే లేదు నేను. చేతికి ఫోను తగిలింది, తీశాను. కానీ ముందు ఇంకెవరి కోటులోనో చెయ్యి పెట్టి, వాచీ తగిలి, అది కింద పడిందేమో? నాకు తెలీకుండానే? ఎన్నిసార్లు గుర్తు తెచ్చుకున్నా ఒకో రకంగా కనిపించింది. తెల్లారేసరికి, నేనే తీశానేమో అనిపించింది."

"నాకైతే నీ చేతిలో ఏదో మెరిసినట్టు కూడా కనిపించింది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు రెమీకి నవ్వొచ్చింది. తరవాత హైడీకి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. లైబ్రేరియన్ తలెత్తి చూసేదాకా, కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వారు.

రెమీ కళ్ళు తుడుచుకుని, ఫోను తీసుకుని నడవాలోకి వెళ్ళాడు. తలుపు సగం తెరిచే ఉంది. వాళ్ళమ్మ గడ్డకట్టిన సరస్సు మీద మంచుకు కన్నాలు కొట్టి వలలు వేసేచోట ఉన్నట్టుంది. గాలి హోరు, మోటారు చప్పుడు, వాటి మీదుగా ఒక పెద్ద గొంతు హైడీ దాకా వినిపించాయి.

"ఏమయిందిరా? ఇప్పుడెందుకు చేశావు, వల పైకి లాగుతున్నాం!"

"ఏం లేదమ్మా."

"ఏం లేకపోతే ఫోనెందుకు?"

"అదే," అన్నాడు రెమీ, గోడకు జారగిలబడి. "ఏం లేదని చెప్దామనే."